ప్రసవమునకు ముహూర్తమా? – ఒక శాస్త్రవిచారము



పూర్వము శిశువు జన్మించిన పిమ్మట తండ్రియో తాతయో పురోహితుని ఇంటికి వచ్చి జన్మసమయము చెప్పి, "నక్షత్రమేమిటి? శాంతి ఏమైనా చేయించవలెనా?" అని అడిగెడివారు. నేడు ఆ ప్రశ్న తలక్రిందులైనది. శిశువు ఇంకను గర్భమునందుండగనే ఫోను మ్రోగును. "పంతులుగారూ, డాక్టరమ్మ పదో తారీఖు నుంచి ఇరవై లోపల ఎప్పుడైనా పరవాలేదన్నారు. మూల, ఆశ్లేష తగలకుండా, గజకేసరి యోగం పడేట్టు ఒక మంచి లగ్నం చూసి పెట్టండి." పంతులుగారు కంప్యూటరు తెరిచి గ్రహస్ఫుటములు చూచి, ఫలానా దినమున తెల్లవారుజామున 4.40 అని చెప్పుదురు. దక్షిణ ముట్టును. ఆసుపత్రియు అంగీకరించును. ఈ సంభాషణ అంతటిలోను ఇద్దరి అభిప్రాయము ఎవ్వరును అడుగలేదు. ఒకరు తల్లి, మరొకరు ఇంకను కన్ను తెరువని ఆ జీవుడు.

ఇది సనాతనాచారమని పలువురు ఆస్తికులు నమ్ముచున్నారు. ఇది సనాతనమును కాదు, ఆచారమును కాదు. శస్త్రచికిత్సతో ప్రసవము చేయించుట సామాన్యమైన తరువాత, గత రెండు మూడు దశాబ్దములలో పుట్టిన కొత్త వ్యాపారమిది. దీనికి జ్యోతిషశాస్త్రమునందు ఆధారము లేకపోవుటయే గాక, ఆ శాస్త్రము నిలిచియున్న పునాదినే ఇది త్రవ్వుచున్నది.

జాతకశాస్త్రము ఏమి చెప్పుచున్నదో ముందు చూడవలెను. వరాహమిహిరుడు తన గ్రంథారంభమునందే హోరాశాస్త్ర ప్రయోజనమును స్పష్టముగా నిర్దేశించెను. పూర్వజన్మములయందు ఆర్జించిన శుభాశుభకర్మల పరిపాకమును ఈ శాస్త్రము వ్యక్తము చేయునని ఆయన సిద్ధాంతము. చీకటిలోనున్న వస్తువులను దీపము చూపినట్లు ఇది చూపునని మరియొక చోట దృష్టాంతమును ఇచ్చెను. దీపము వస్తువును చూపును గాని, వస్తువును సృజింపదు. చీకటి గదిలో పామున్నచో దీపమును జరిపి వెలుగును పూలదండపై పడునట్లు చేసినంతమాత్రమున పాము తొలగిపోదు. జన్మలగ్నము జీవుని ప్రారబ్ధమునకు సూచకమే గాని కారకము కాదు. కాలము జీవుని కర్మను అనుసరించి వచ్చుననియే ఈ శాస్త్రమంతయు నిలిచియున్నది. ఆ కాలమును మనము కత్తితో నిర్ణయింపగలమన్నచో, ఇక ఆ జాతకము ఎవరి కర్మను సూచించును? శిశువు కర్మనా, శస్త్రవైద్యుని తీరికనా, లేక పురోహితుని గణితమునా?

ఇక్కడ ప్రతిపక్షి ఒక సమాధానము చెప్పును: "ఆ శిశువు కర్మ బాగుండబట్టియే తల్లిదండ్రులకు ముహూర్తము అడుగవలెనన్న బుద్ధి పుట్టినది." మంచిది. అట్లైనచో అడుగకపోయినను ఆ సుకృతమే సల్లగ్నమును తెచ్చెడిది గదా! సుకృతము లేనిచో ఎంత అడిగినను రాదు. రెండు పక్షములయందును ముహూర్తము నిష్ప్రయోజనమే. నిష్ప్రయోజనమైన దానికి తల్లి ఉదరమును కోయించుట ఎట్టి ధర్మము?

గణితమును గూర్చియు ఒక మాట. లగ్నము సుమారు రెండు గంటలుండును. అందు నవాంశ ఒక్కొక్కటి పదుమూడు నిమిషములకు మారును. మత్తుమందు పనిచేయుట కొంచెము ఆలస్యమైనను, పూర్వపు కోత మచ్చ గట్టిపడి యుండి గర్భాశయమును చేరుటకు సమయము పట్టినను నవాంశ మారిపోవును. అప్పుడు శస్త్రవైద్యురాలు ఏమి చేయవలెను? త్వరపడవలెనా, లేక తదుపరి అంశ కొరకు కోసిన కడుపుతో నిరీక్షింపవలెనా? 4.40కి బ్రాహ్మీముహూర్తమని మురిసిపోవువారు, ఆ వేళ రాత్రంతయు మేల్కొన్న మత్తు వైద్యుడు, నర్సులు ఎట్టి స్థితిలో ఉందురో ఒక్కసారియైనను ఆలోచింపరు. రక్తస్రావమైనచో ఆ వేళ రక్తనిధి నుండి రక్తము ఎంతసేపటికి వచ్చునో అడుగరు.

ముహూర్త గ్రంథములను తిరుగవేసి చూచినను విషయము స్పష్టమే. గర్భాధానమునకు కాలనియమము కలదు. పుంసవనమునకు కలదు, సీమంతమునకు కలదు, నామకరణ, అన్నప్రాశన, చౌలములకు కలదు. ప్రసవమునకు మాత్రము లేదు. ఋషులు మరచిపోయిరా? ప్రసవము కర్త సంకల్పించి చేయు కర్మ కాదు గనుక లేదు. జాతకర్మను చూడుడు. అది నైమిత్తికము. శిశుజననమే నిమిత్తము, నిమిత్తము ఏర్పడగానే చేయవలసినది. అట్లే గండాంత, మూల, ఆశ్లేషాది జననములకు శాంతులు విధింపబడినవి. జన్మకాలము మనుష్యుని చేతిలో లేదని ఎరిగియే గదా ఆ శాంతులను చెప్పిరి! జన్మకాలమును ఎంచుకొనుట ధర్మ్యమేయైనచో, శాంతిగ్రంథములలో ఆ భాగమంతయు వ్యర్థమగును.

మూలానక్షత్రమన్న మాట వినగానే గడగడలాడు కుటుంబములే, శరన్నవరాత్రములలో మూలానక్షత్రము నాడు సరస్వతీ అలంకారమునందున్న అమ్మవారిని దర్శించుటకు ఇంద్రకీలాద్రిపై గంటల తరబడి వరుసలో నిలుచుండును. అమ్మవారికి పనికివచ్చిన నక్షత్రము ఆడశిశువుకు పనికిరాకుండునా?

అవతారపురుషుల జన్మకాలమునే తీసికొందము. శ్రీకృష్ణుడు బహుళాష్టమి నాడు, అర్ధరాత్రి, చెరసాలలో అవతరించెను. శ్రీరాముడు నవమి నాడు జన్మించెను; నవమి రిక్తతిథి. నేటి గృహస్థునకు ఈ రెండు తిథులను చెప్పినచో "అష్టమా? నవమా? వద్దు వద్దు, ఇంకొకటి చూడండి" అనును. పోనీ, తిథిని విడిచి గ్రహములను చూచినను, ఐదు గ్రహములు ఉచ్చస్థానములలోనుండగా కర్కాటకలగ్నమున శ్రీరామజననమని వాల్మీకి వర్ణించెను. అంతకు మించిన జాతకమును ఏ పంతులు ఏ కంప్యూటరులో కూర్చగలడు? ఆ జాతకుడే పదునాలుగేండ్లు అరణ్యవాసము చేసెను, భార్యావియోగము అనుభవించెను. దశరథుడు పుత్రకామేష్టి చేసెను, పాయసము పంచెను. ఆపై నెలలు నిండు వరకు వేచియుండెను గాని లగ్నమును కోరలేదు. ఇటీవల 2024 జనవరి 22న అయోధ్యలో బాలరాముని ప్రాణప్రతిష్ఠ జరిగిన దినముననే తమకు శస్త్రచికిత్స చేయవలెనని ఉత్తరప్రదేశ్‌లో పలువురు గర్భిణులు వైద్యులను కోరినట్లు పత్రికలలో వచ్చినది. భక్తి గొప్పదే. కాని రాముని చరిత్రనుండి నేర్చుకొనవలసినది ఇదియా?

ఇక లోకస్థితి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమంతటిలో నూటికి 21 ప్రసవములు శస్త్రచికిత్సతో జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60 పైబడి జరిగినవి. నూటికి పది పదునైదుకు మించి అవసరముండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే అభిప్రాయపడినది. తెలుగునాట స్త్రీల శరీరములు మాత్రమే ప్రసవమునకు అశక్తములైనవా? దీనికంతటికిని ముహూర్తమే కారణమనుట అతిశయోక్తి యగును. ప్రైవేటు ఆసుపత్రుల ఆదాయము, నొప్పుల భయము, వైద్యుల సౌకర్యము, ఏదైన జరిగినచో బంధువులు దాడి చేయుదురేమోనన్న భీతి, ఇవన్నియు ఉన్నవి. కాని ఆ లోభభయములకన్నిటికిని పవిత్రతయను ముసుగు వేయుచున్నది పురోహితుడు ఇచ్చు చీటీయే. "పంతులుగారు పెట్టారు" అన్న ఒక్క మాటతో అడుగవలసిన ప్రశ్నలన్నియు ఆగిపోవుచున్నవి.

అడుగవలసిన మొదటి ప్రశ్న: శిశువునకు ఎన్ని వారములు నిండినవి? ముప్పదియేడు వారములకే "నెలలు నిండినట్లే" అని చెప్పి శస్త్రచికిత్స చేయించుచున్నారు. ముప్పదియైదవ వారమున శిశువు మెదడు బరువు నిండు నెలల మెదడులో మూడింట రెండు వంతులు మాత్రమే. మిగిలినది ఆ చివరి వారములలోనే పెరుగును. గర్భమునందు ఊపిరితిత్తులలో ద్రవము నిండియుండును. ప్రసవవేదన ఆరంభమైనప్పుడు తల్లి బిడ్డల శరీరములలో పుట్టు రసాయనములు ఆ ద్రవమును పీల్చివేసి తొలి శ్వాసకు దారి చేయును. నొప్పులు రాకమునుపే బయటికి తీసిన శిశువులలో కొందరు ఆయాసపడుచు గాజుపెట్టెలో దినములు గడుపుట ఇందువలననే. 2009లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, నిర్ణీతముగా చేసిన పునఃశస్త్రచికిత్సలలో 39వ వారమున జన్మించిన శిశువులలో నూటికి 8 మందికి చిక్కులు రాగా, 37వ వారమున జన్మించినవారిలో నూటికి 15 మందికి వచ్చినవి. వైద్యకారణము లేనిచో 39 వారములు నిండకుండ శస్త్రచికిత్స తగదని వైద్యశాస్త్రము నిశ్చయించినది ఇట్టి పరిశోధనల వలననే. లగ్నము కొరకు రెండు వారములను దొంగిలించుట శిశువు ఊపిరిని దొంగిలించుటయే. తల్లికియు రక్తస్రావము, సంక్రమణము, తదుపరి గర్భమున మాయ పాత కోత మచ్చలోనికి చొచ్చుకొనిపోయి విడివడకుండుట మొదలైన ప్రమాదములు కోత కోతకును పెరుగును.

ఇంతమాత్రమున శస్త్రచికిత్స పాపమని కాదు. సుశ్రుతుడు మూఢగర్భమును వివరించిన చోట, తల్లి అకస్మాత్తుగా మరణించి కుక్షియందు శిశువు చలించుచున్నచో వైద్యుడు వెంటనే ఉదరమును చీల్చి శిశువును రక్షింపవలెనని విధించెను. ఉదరచ్ఛేదమునకు మన శాస్త్రము ఇచ్చిన స్థానము అది: ప్రాణరక్షణ. అచట వారము గాని వర్జ్యము గాని లేదు. మాయ అడ్డుపడినప్పుడు, శిశువు గుండె మందగించినప్పుడు, రక్తపోటు తలకెక్కి తల్లికి మూర్ఛ వచ్చునప్పుడు ఇరువది నిమిషములలో ఇరువురిని బ్రతికించు నేటి శస్త్రవిద్య సాక్షాత్తు ధన్వంతరి ప్రసాదము. ఆ ప్రసాదమును అంగడిలో పెట్టుటయే ఆక్షేపింపబడుచున్నది.

ఇక రెండవ పక్షమువారు కలరు. వారు ఇంకను ప్రమాదకరులు. "మా అమ్మమ్మ పదిమందిని ఇంట్లోనే కన్నది, ఈ స్కానింగులు, మాత్రలు అన్నీ మ్లేచ్ఛవిద్య" అని ప్రవచనములలో పలుకువారు వీరు. అమ్మమ్మ పదిమందిని కన్న మాట నిజమే. ఆ పదిమందిలో ఎందరు మిగిలిరి? పొరుగింటి అమ్మమ్మ మూడవ కాన్పులోనే పోలేదా? బ్రతికినవారి మాటలే మనకు వినబడును. పోయినవారు వచ్చి ప్రవచనము చెప్పరు. 2018-20 నాటికి లక్ష జననములకు మాతృమరణములు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, దేశమంతటిలో 97. ఈ సంఖ్యలు తగ్గినది గొప్పలు చెప్పుకొనుట వలన కాదు.

మ్లేచ్ఛవిద్య యను వారు ఒక వృత్తాంతమును వినవలెను. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చినది. అక్కడ బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణులు ఒక విధమైన తీవ్ర రక్తహీనతతో మరణించుచుండిరి. ఆమె వారు తిను ఆహారమును పరిశీలించి, ఈస్టు సారమునందు ఆ రోగమును పోగొట్టు ద్రవ్యమేదో కలదని గుర్తించి 1931లో ప్రకటించెను. పదేండ్ల తరువాత పాలకూరనుండి వేరుచేసి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. లాటిన్ భాషలో ఆకు అని ఆ పదమునకు మూలార్థము. మన దేశపు కూలితల్లుల రక్తమునుండి పుట్టిన విద్య ఇది. పరాయిది ఎట్లగును? పూర్వము నాడీనాళ లోపముతో శిశువు కలిగిన తల్లులకు ఈ మాత్ర నిచ్చినచో ఆ లోపము తిరిగి వచ్చుట నూటికి 72 పాళ్లు తగ్గినట్లు 1991లో నిరూపితమైనది. ఆ నాళము గర్భము నిలిచిన ఇరువది యెనిమిది దినములలోనే మూసికొనును. అప్పటికి పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతియే తెలియదు. కావున గర్భధారణకు ముందునుండియే మాత్ర వేసికొనవలెనని వైద్యుల మాట. సంస్కారములను గర్భాధానమునుండి ఆరంభించిన ఋషుల దృష్టికి దీనికంటె దగ్గరి మాట ఏమున్నది?

అట్లే గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్, లోహములలో పగుళ్లను కనిపెట్టు ధ్వనియంత్రమును గర్భమునకు ఉపయోగించి 1958లో చిత్రములను ప్రకటించెను. న్యూజీలాండ్‌లో విలియం లైలీ 1963లో గర్భస్థశిశువునకే రక్తము ఎక్కించెను. ఆ దేశమునందే లిగ్గిన్స్, హౌవీ అను వైద్యులు, నెలలు నిండక ప్రసవమగు తల్లికి ముందుగా స్టిరాయిడ్ సూది వేసినచో శిశువు ఊపిరితిత్తులు బలపడునని 1972లో చూపిరి. వీరెవ్వరును ఉపనిషత్తును చదివి ఉండరు. అయినను గర్భస్థుడైన జీవుని ఒక రోగిగా, రక్షణీయుడైన వ్యక్తిగా చూచిరి. "ఇవన్నీ మన గ్రంథాలలో ముందే ఉన్నాయి" అని చెప్పుకొనుటకు ముందు, ఆ గ్రంథములలో నిజముగా ఉన్నదానిని ఎంత పాటించుచున్నామో చూచుకొనవలెను.

ఉన్నదేమి? నిండుగా నూనె పోసిన పాత్రను తొణకకుండ మోసినట్లు గర్భిణిని చూచుకొనవలెనని చరకుడు చెప్పెను; నెలనెలకు ఆహారనియమమును విధించెను. నాలుగవ మాసమున గర్భిణి రెండు హృదయములు కలది యగునని, ఆమె కోరికను నిరాకరించుట గర్భమునకు హానియని సుశ్రుతుడు. అతిథులకంటె ముందు గర్భిణికి భోజనము పెట్టవలెనని మనువు. రెండు నెలలు దాటిన గర్భిణివద్ద పడవసుంకము తీసికొనరాదనియు ఆయనయే చెప్పెను. ఆపస్తంబ గృహ్యమునందలి సీమంతవిధిలో వీణాగాయకులను పిలిపించి పాడించుట యొక అంగము. గర్భిణి మనస్సు ప్రసన్నముగా ఉండవలెనని ఎంత శ్రద్ధ! నేడు సీమంతమునకు ఫంక్షన్‌హాలు, ఫోటోలు, ఐదువందలమందికి భోజనములు. ఆ పూట గర్భిణి మూడు గంటలు బిగుసుకొని కుర్చీలో కూర్చుండి అందరికంటె చివర తినుచున్నది. మన రెండు రాష్ట్రములలోను గర్భిణులలో సగముమందికి పైగా రక్తహీనులని ఆ సర్వేయే తెలిపినది. ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు ఇనుము మాత్రలు, రోజుకొకటి చొప్పున నూట యెనుబది, ఇండ్లలో డబ్బాలలో పడియుండును. "మలం నల్లగా వస్తోంది, బిడ్డ నల్లగా పుడతాడు" అని అత్తగారు వద్దనును. గ్రహణము నాడు మాత్రము ఆమెకు మంచినీళ్లు కూడ ఇయ్యక చీకటి గదిలో కదలకుండ పడుకోబెట్టుదురు. బాలవృద్ధాతురులకు గ్రహణోపవాసమునందు సడలింపు కలదన్న మాట వీరికి ఎవ్వరును చెప్పలేదు కాబోలు. చెప్పవలసినవారు శస్త్రచికిత్సలకు లగ్నములు కట్టుచు తీరిక లేకయున్నారు.

స్కానింగు యంత్రమును గూర్చి ఒక్క మాట చెప్పక తప్పదు. శిశువును రక్షించుటకు వచ్చిన ఆ కన్నుతోనే ఆడశిశువును గుర్తించి చంపిరి; 1994లో చట్టము చేయవలసి వచ్చినది. "పుంసవనములో మగపిల్లవాని కొరకు ప్రత్యేక ప్రయోగము చేయింతుము" అని ప్రకటనలిచ్చువారు ఆ భ్రూణహత్యా మనస్తత్వమునకే నెయ్యి పోయుచున్నారు.

చివరకు ఒక న్యాయమైన సందేహము మిగులును. మాయ అడ్డుగా ఉండుటచేతనో, మునుపు రెండు కోతలు జరిగియుండుటచేతనో శస్త్రచికిత్స తప్పనిసరి. 39 వారములు నిండినవి. వైద్యురాలు తానే "సోమవారం గాని మంగళవారం గాని" అన్నది. అప్పుడైనను పురోహితుడు చెప్పరాదా? ఆ రెండు దినములలో, పగటివేళ, సిబ్బంది పూర్తిగా ఉండు సమయములో కుటుంబము తమ ఇష్టదైవమును తలచుకొని వెళ్లుటకు ఒక అనుకూలమైన ఘడియ చెప్పినచో దోషము లేదు. అది ప్రయాణమునకు చూచినట్టిదే. కాని ఆ ఘడియవలన శిశువు కలెక్టరగుననియు, ఆ ఘడియ తప్పినచో అరిష్టమనియు చెప్పరాదు. వైద్యురాలు "ఇప్పుడే" అన్నచో, రాహుకాలమైనను ఇప్పుడే.

"పంతులు చెప్పకపోతే ఇంకొక పంతులు చెప్తాడు; దక్షిణ పోవడం తప్ప లాభమేమిటి?" అని వృత్తిలో ఉన్నవారు పలుకుట కలదు. పోవును. ఒక చీటీకి వచ్చు దక్షిణ, కొన్నిచోట్ల ఒక నెల నిత్యార్చన సంభావనకంటె ఎక్కువ. పేద అర్చకునకు అది చిన్న పరీక్ష కాదు. అయినను ముప్పదియేడవ వారమున తీసిన శిశువు ఆయాసముతో గాజుపెట్టెలో ఉన్నప్పుడు ఆ తండ్రి మరల ఫోను చేసి "పంతులుగారూ, మృత్యుంజయ జపం చేయించాలి" అనును. ఆ జపమునకు కూర్చున్న పురోహితుడు సంకల్పములో ఏ పాపక్షయార్థమని చెప్పుకొనును?

కావున ఈసారి అట్టి ఫోను వచ్చినప్పుడు పంచాంగమును తెరువక ముందు ఈ మాటలు అడుగవచ్చును. "అమ్మాయికి ఎన్నో వారము? ఆపరేషన్ ఎందుకన్నారు? మాత్రలు వేసికొంటున్నదా? ప్రతి నెల తొమ్మిదో తారీఖున ప్రభుత్వాసుపత్రిలో స్పెషలిస్టులు గర్భిణులను ఉచితముగా చూచుచున్నారు, అక్కడ మరొకసారి చూపించినారా?" ఆ పిమ్మట, "నాయనా, నొప్పులు ఎప్పుడు వచ్చిన అప్పుడే లగ్నము. బిడ్డ పుట్టగానే సమయము వ్రాసి పెట్టుకొని నాకు చెప్పు, పదకొండవ నాటికి నామకరణము చేయుదము, శాంతి కావలసిన నక్షత్రమైతే అదియు చేయుదము" అని చెప్పి ఫోను పెట్టివేయవచ్చును.